ఎడమచేతి చాకు

భవానీపూర్ బజారులో ఇనుపసామాన్ల దుకాణం మెట్టు మీద, చాకును గుప్పిట్లో పట్టుకుని నిలబడిన నరసమ్మను కిందటి వారం అక్కడే వదిలేసి వచ్చాం. పాపం, ఆమెను ఇంకా ఎంతసేపు నిలబెడతాం?

ఆమె అంతదాకా ఎందుకు వచ్చిందో ఒక్కసారి తలుచుకుని ముందుకు పోదాం. పెళ్ళయి కలకత్తా వచ్చిన నాటి నుంచీ కార్పొరేషన్ చీపురు పట్టి వీధులు ఊడ్చిన మనిషి నరసమ్మ. ఈ చలికాలం మొదట్లో పార్కు తోటలో మనిషి తక్కువైతే ఆమెను అక్కడ వేశారు. ఆ తోటకు పెద్ద మాలీ జ్ఞానానందం మేస్త్రి. క్రైస్తవుడు, మాట తక్కువ మనిషి. ఆయనే ఆమెకు గులాబీ అంటు కట్టడం నేర్పాడు. మంచి రకం కొమ్మ మీది కన్నును, అంటే చిగురు పుట్టబోయే బుడిపెను, పలచటి బెరడుతో సహా తీయాలి. అడవి గులాబీ కాడకు గాటు పెట్టి, బెరడు కిందికి ఆ కన్నును జార్చి, గాలి చొరకుండా కట్టు కట్టాలి. కొన్నాళ్ళకు కట్టు విప్పితే కన్ను పచ్చగా ఉందా, అంటు బతికింది. నల్లబడిందా, పోయినట్టే.

నరసమ్మ కట్టిన మొదటి వరస మొత్తం నల్లబడింది. "ఇంకొక్క వరస చూస్తాను. అదీ పోతే నువ్వు మళ్ళీ వీధుల్లోకే" అని అజమాయిషీ చేసే పార్కు బాబు తేల్చేశాడు.

తోటలో గడిపిన ఆ కొద్దికాలంలోనే నరసమ్మకు ఒక సంగతి తెలిసొచ్చింది. పొద్దున్నే మంచులో తడిసిన మట్టి మీద గొంతుక్కూర్చుని కొమ్మను చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమెకు కలిగే నిమ్మళం మరెక్కడా కలగలేదు. దాన్ని పోగొట్టుకోవడానికి ఆమె సిద్ధంగా లేదు. కాడలు నలుగుతున్నది, కన్నులు చిరుగుతున్నది చాకు వల్లేనని ఆమెకు గట్టి నమ్మకం.

మొదటి చాకు మొగుడు సోములు తెచ్చిపెట్టాడు. కార్పొరేషన్ నీళ్ళ లారీ మీద పని అతనిది. హౌరా స్టేషను బయట పరిచి అమ్మేవాడి దగ్గర కొని, ఎర్రటి పిడిలోంచి ఒక్కొక్కటే బయటికి లాగి చూపించాడు. సీసామూత తీసేది, డబ్బా కోసేది, బుల్లి కత్తెర, మెలితిరిగిన ఇనుపతీగ, ఎందుకో ఎవరికీ తెలియని కొక్కెం.

"ఇందల లేనిదేటి లేదే!" అన్నాడు గొప్పగా.

'సాకొక్కటే లేదు మావా' అందామనుకుని, అతని మొహం చూసి ఊరుకుంది. కోసే అలుగు ఉన్నదల్లా చిటికెనవేలంత. స్ప్రింగు ఎంత మెత్తనంటే తోటలో మొదటిరోజే మడతపడి ఆమె వేలు తెగింది. ఇప్పుడు ఆదివారాలు సోములు దానితో సోడాలు తీస్తాడు. ఆ పనికి మాత్రం దాన్ని మించింది లేదు.

రెండోది ఈ దుకాణంలోనే కొన్నది. దంతంలా పసుపుపచ్చని పిడి, అద్దంలా మెరిసే అలుగు. "విలాయతీ సరుకు దీదీ, నీ తర్వాత నీ మనవలు వాడతారు" అని అమ్మాడు దుకాణదారు. దాని పదును మొదటి రెండు మొక్కలకే సరిపోయింది. వారం తిరక్కుండా సీల వదులై అలుగు ఊడబోయే పన్నులా ఊగసాగింది.

ఇదిగో, ఆ చాకే ఇప్పుడు ఆమె గుప్పిట్లో ఉంది.

మెట్టు దిగిపోదామా అనుకుంది ఒక క్షణం. పార్కు బాబు మాట గుర్తొచ్చి లోపలికి అడుగుపెట్టింది.

గల్లా దగ్గర దుకాణదారు హారాధన్ బాబు కూర్చుని ఉన్నాడు. బొద్దు మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివర. ఆయన వెనక గోడ మీద అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదన్న బోర్డు పెద్దదే వేలాడుతోంది. ఎదురుగా బల్ల దగ్గర ఒక ముసలాయన అడకత్తెరలు ఏరుకుంటున్నాడు.

నరసమ్మ చాకును బల్ల మీద పెట్టింది. ఇన్నేళ్ళ కలకత్తా కాపురంలో ఆమెకు బెంగాలీ బాగానే పట్టుబడింది. కోపం వచ్చినప్పుడు మాత్రం మధ్యలో తెలుగు దూరుతుంది.

"దాదా, ఇది నువ్వే ఉంచుకో. నాకు పనికిరాదు."

హారాధన్ బాబు చాకు వైపు, ఆమె వైపు, తన బోర్డు వైపు చూశాడు.

"వాడిన చాకు నేనెలా తీసుకుంటాను దీదీ? ఇది పండు కోసుకునేది. నువ్వు కట్టెలు కొట్టినట్టున్నావు."

"గులాబీ కాడ కోసినాను. దాని బెరడు దోసకాయ తొక్కంత ఉండదు."

"అయితే పట్టుకోవడం తెలియలేదు. ఆడవాళ్ళకి కత్తిపీట అలవాటు కదా. మడతచాకు మగవాళ్ళ వస్తువు."

ఎంత కోపం వచ్చినా గొంతు పెంచకూడదని నరసమ్మ ఇంటి దగ్గర అనుకునే బయలుదేరింది. బల్ల మీది పురికొస ఉండలోంచి జానెడు లాగి, రెండు కొసలూ చేతుల్లో బిగించి పట్టుకుంది.

"సరే దాదా. నువ్వు మగోడివే గదా. ఇది కొయ్యి."

అడకత్తెరలు చూసే ముసలాయన చూడ్డం ఆపాడు. హారాధన్ బాబు నవ్వుతూ చాకు తీసి, కుడిచేతి బొటనగోటితో సులువుగా తెరిచి, పురికొస మీద పెట్టి లాగాడు. అలుగు పక్కకు వాలింది. పురికొస వంగింది గాని తెగలేదు. ఈసారి కాస్త బలంగా నొక్కాడు. అలుగు సగానికి ముడుచుకుంది. ఆయన "ఓ మా!" అంటూ వేలు వెనక్కి లాక్కున్నాడు.

"ఏమయ్యా హారాధన్," అన్నాడు ముసలాయన తాపీగా, "ఇది మగవాళ్ళ వస్తువేనా, ఇంకోసారి చూసి చెప్పు."

గల్లాపెట్టె అదిరేలా మొదట నవ్వింది హారాధన్ బాబే. నరసమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. వేలు తెగలేదని రెండువైపులా చూసుకున్నాక ఆయన ఆ చాకును సొరుగులో పడేశాడు.

"బోర్డు సంగతి వదిలెయ్యి. డబ్బు వాపసివ్వను, అది మా నాన్న పెట్టిన నియమం. దీని బదులు నీకు నచ్చింది తీసుకో" అంటూ చాకుల ట్రే మొత్తం ఆమె ముందుకు తోశాడు.

నరసమ్మ ఒక్కొక్కటే తీసి చూసింది. ఒకదాని అలుగు ఎంత బిగువంటే గోరు విరిగింది గాని అది కదల్లేదు. ఇంకొకటి జేబులో దానంతటదే తెరుచుకునేంత వదులు. ఒకదాని పిడిలో దిక్సూచి ఉంది, ఉత్తరం ఎటో దానికే తెలియడం లేదు. ఒకదాని మీద సినిమా తార బొమ్మ అతికించారు. పైకి అన్నీ మెరుస్తున్నాయి, చేతిలోకి తీసుకుంటే ఒక్కటీ నిలవడం లేదు. ఆమె ఆశ కొద్దికొద్దిగా జారిపోతోంది.

హారాధన్ బాబు ఇందాకటి నుంచి ఆమె చేతులనే చూస్తున్నాడు.

"ఆగు దీదీ. ఏ చేత్తో తెరుస్తున్నావు?"

"నా సేత్తోనే."

"అది ఎడమచెయ్యి."

"నాది పుర్రసెయ్యి దాదా. సీపురూ అలగే పట్టినాను, అన్నమొక్కటే కుడిసేత్తో."

ఆయన ఒక చాకు తీసి అలుగు మీద గీతలాంటి గాడిని చూపించాడు. గోరు పెట్టి లాగడానికి ఉండేది అది. ఏ చాకు తీసినా గాడి ఒకే పక్కన ఉంది. కుడిచేతి బొటనవేలికి అందేలా.

"చూశావా? నీకు ఇవన్నీ తిరగబడినట్టే. ముప్పై యేళ్ళ నుంచి అమ్ముతున్నాను, నాకూ ఇవాళే తట్టింది."

"అయితే సెయ్యి మార్సుకోమంటావా?"

"అలా అనను. నా కొట్లో నీకు చాకు లేదంటున్నాను." ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మెటియాబ్రుజ్‌లో ఒక ముసలి మిస్త్రీ ఉన్నాడు. దర్జీల కత్తెరలు చేస్తాడు. ఎడమచేతి దర్జీలు ఎక్కడున్నా అతని దగ్గరికే పోతారు. బాయాఁ మిస్త్రీ, ఎడమచేతి మిస్త్రీ అంటే ఎవరైనా చూపిస్తారు. అతను చెయ్యనంటే ఇంక కలకత్తాలో ఎవరూ చెయ్యరు."

దారి చెప్పి, ఊరికే పంపడం మనసొప్పక, ట్రేలోంచి ఒక చిన్న సానరాయి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

* * *

ఆదివారం సోములు కూడా బయలుదేరాడు. బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటో దూరని సందులో నడిచారు. రెండు పక్కలా ఇళ్ళల్లోంచి కుట్టుమిషన్ల చప్పుడు వానలా వస్తోంది. గడపల ముందు రంగురంగుల గుడ్డపేలికలు పోగులు పోసి ఉన్నాయి. బాయాఁ మిస్త్రీ కొట్టు అడగ్గానే ఒక దర్జీ సూది నోట్లోంచి తీయకుండానే చూపించాడు.

కొట్టు అంటే ఒక రేకుల చూరు. దాని కింద నెరిసిన గడ్డం, లుంగీ, ఎముకలు తేలిన భుజాలతో ఒక ముసలివాడు కాలితో సానచక్రం తిప్పుతున్నాడు. చేతిలో పెద్ద కత్తెర. నిప్పురవ్వలు అతని ముంజేతి మీద పడుతున్నా పట్టించుకోవడం లేదు.

నరసమ్మ గుమ్మంలో తటపటాయించింది. "ఓలమ్మ, ఇంత పెద్ద కత్తెర్లు సేసేవోడు మనకి సిన్న సాకు సేస్తాడంటావేటి మావా?" అంది మెల్లగా.

"సేస్తాడు. ఎందుకు సెయ్యడు?" అన్నాడు ముసలివాడు తల ఎత్తకుండానే.

ఇద్దరూ అదిరిపడ్డారు. చక్రం ఆగింది. ముసలివాడి మొహమంతా నవ్వు పరుచుకుంది.

"తెలుగు ఇని ఎన్నాళ్ళయిందో. ఇంకోపాలి మాటాడమ్మా."

"తాతా, నువ్వు మనోడివా? ఏ ఊరు?"

"ఓడల మీద ఫిట్టరు పని సేసినోణ్ణి. నీళ్ళ మీద తిరిగినోడికి ఊరేటమ్మా? కాలిరిగి ఈ రేవులో దిగిపోనాను. ఇదే ఊరయిపోయింది." కత్తెర పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "అమ్మ పెట్టిన పేరు ఎలీయాజరు. ఈ సందులో దాన్ని పలకలేక బాయాఁ మిస్త్రీ సేసేసినారు."

సోములు అప్పటికే అక్కడున్న పెట్టె మీద కూలబడ్డాడు. ఎక్కడైనా తెలుగు వినబడితే అతనికి అది చుట్టాలిల్లే. నరసమ్మ తన కష్టమంతా చెప్పింది. హౌరా చాకు, భవానీపూర్ చాకు, నల్లబడిన కన్నులు, పార్కు బాబు మాట. ముసలివాడు మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. విని, మూలనున్న వెదురుబద్ద ఒకటి, తన చాకు ఒకటి ఆమెకిచ్చాడు.

"గాటు ఎలగ పెడతావో సూపించు."

ఆ చాకు పట్టుకోగానే నరసమ్మకు ఏదో తేడా తెలిసింది. బొటనగోరు దానంతటదే గాడిలో పడింది. అలుగు తెరుచుకుంది. ఆమె ఆశ్చర్యంగా ముసలివాడి వైపు చూసింది. అతను తన ఎడమచెయ్యి పైకెత్తి చూపించాడు.

"నాకూ ఇదే గదమ్మా. కుడిసేతి వస్తువులతో నేను పడ్డ పాట్లు ఇంకోడు పడకూడదని ఈ పనిలోకొచ్చినాను. సిన్నప్పుడు మాయమ్మ నా ఎడంసేతికి గుడ్డ కట్టేసీది, కుడిసెయ్యి అలవాటవుద్దని. గుడ్డ ఇప్పుకుని పారిపోయేవోణ్ణి."

"మాయమ్మ అట్లకాడతో కొట్టీది" అంది నరసమ్మ. ముసలివాడు పగలబడి నవ్వాడు.

అటక మీద వెతికి విరిగిన దర్జీ కత్తెర అలుగొకటి దించాడు. నల్లగా, పాతగా ఉంది. గోటితో మీటితే చిన్న గంటలా మోగింది.

"మెరుపు సూడకు. ఇనుము సూడు. ఇది మంచి ఉక్కు. నీకు ఒక పక్కే పదును పెడతాను, అదీ నీ సేతి పక్కకి. అప్పుడు బెరడు నలగదు. వచ్చే ఆదివారం రా."

ఆ వారమంతా నరసమ్మ తోటలో మట్టి గుల్ల చేసింది, ఎరువు వేసింది, మేస్త్రి కట్టే అంట్లు పక్కన కూర్చుని చూసింది. తన వరస మాత్రం ముట్టుకోలేదు. "ఇంకా మొదలెట్టవేం?" అని పార్కు బాబు రెండుసార్లు కేకేశాడు. "ఆదివారం పోనీండి బాబూ" అని బతిమాలుకుంది.

ఆదివారం చాకు చేతిలోకి వచ్చింది. పిడి మామూలు నల్లకొయ్య. ఎక్కడా తళుకు లేదు. తెరిస్తే టక్కుమని నిలిచింది. అటూ ఇటూ ఊపి చూసింది, వెంట్రుకవాసి కదల్లేదు. ముసలివాడు తన ముంజేతి వెంట్రుకలు గొరిగి చూపించి, సోములు ముంజెయ్యి కూడా అడిగితే అతను వద్దు బాబో అని వెనక్కి జరిగాడు. ముసలివాడు అడిగిన మజూరీ నరసమ్మ ఆనందంగా ఇచ్చి, ఇంటినుంచి తెచ్చిన గారెలు అతని ముందు పెట్టింది. ఒక గారె తిని, మిగిలినవి జాగ్రత్తగా గుడ్డలో కట్టుకున్నాడు ముసలివాడు.

తిరుగుబస్సులో నరసమ్మ దాన్ని తెరుస్తూ మూస్తూనే ఉంది. పక్కన కూర్చున్నావిడ దూరం జరిగింది.

"మూసీయే. బస్సు దింపేస్తారు" అన్నాడు సోములు.

"ఒక్కసారి మావా. ఆ సప్పుడు సూడు, ఎంత బాగున్నాదో."

అతను చూడలేదు. ఆమె మొహమే చూశాడు. తను తెచ్చిన ఎర్రచాకు గురించి అడగాలనుకున్నవాడు, అడగనక్కర్లేదనుకున్నాడు.

* * *

మర్నాడు నరసమ్మ వరస కట్టింది. గాటు పెడితే బెరడు పుస్తకంలో కాగితంలా విచ్చుకుంది. కన్ను చిరగకుండా, ఒక్క లాగులో వచ్చింది. లోపలికి జార్చి కట్టు కట్టి, తర్వాతి కాడకు జరిగింది. ఆ తర్వాత చెయ్యగలిగింది నీళ్ళు పొయ్యడం, ఎదురుచూడ్డం. చలి తగ్గింది. గాలి దక్షిణానికి తిరిగింది. పార్కులో మోదుగులు ఎర్రబడ్డాయి.

కట్లు విప్పేరోజు పార్కు బాబు కూడా వచ్చి నిలబడ్డాడు. జ్ఞానానందం మేస్త్రి ముందుకు వంగి మొదటి కట్టు విప్పాడు. పచ్చ. రెండోది పచ్చ. మూడోదాని కన్ను ఉబ్బి, కొసన ఎర్రటి చిగురు తొంగిచూస్తోంది. వరస చివరలో ఒకటి రెండు పోయాయి గాని బాబు ఇంక చూడలేదు.

"తోటలోనే ఉండు" అని ఒక్కమాట అని వెళ్ళిపోయాడు.

నరసమ్మ తడిమట్టి మీదే చతికిలబడి కొంగు మొహానికి అద్దుకుంది. ఏడుపో నవ్వో ఆమెకే తెలియదు. మేస్త్రి కొంతసేపు ఆమెను అలాగే ఉండనిచ్చి, తర్వాత చెయ్యి చాపాడు.

"ఏదీ, ఆ చాకు ఒకసారి చూడనీ. ఇంత శుభ్రమైన గాటు ఈ తోటలో చూసి చాలా కాలమైంది."

ఆమె ఇచ్చింది. ఆయన కుడిచేతిలోకి తీసుకుని తెరవబోయాడు. బొటనవేలికి గాడి దొరకలేదు. తడుముకున్నాడు. అటు తిప్పి చూస్తే అవతలి పక్కన కనబడింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవరు చేశారు?"

"మెటియాబ్రుజ్‌లో ఒక తాత, మేస్త్రీ. మన తెలుగోడే. ఆయనదీ పుర్రసెయ్యే. ఒకప్పుడు ఓడల మీద ఫిట్టరట. సందులో అందరూ బాయాఁ మిస్త్రీ అంటారు గాని అసలు పేరు ఎలీయాజరంట."

మేస్త్రి చెయ్యి అలాగే ఆగిపోయింది. గట్టు అంచు తడుముకుని కూర్చున్నాడు.

"ఏటయ్యింది మేస్త్రీ? నీళ్ళు తేనా?"

"మా అన్న పేరు ఎలీయాజరు" అన్నాడాయన. "ఎడమచేతి వాటం. ఓడ ఫిట్టరు. నాకింకా మీసాలు రాకముందే వెళ్ళాడు. ఆ ఓడ మునిగిపోయిందని, ఎవరూ దక్కలేదని కబురొచ్చింది. భీమిలి సమాధుల దొడ్లో ఆ పేరుతో రాయి ఉంది నరసమ్మా. దాని కింద ఎవరూ లేరు, రాయి మాత్రం ఉంది."

నరసమ్మ ఆయనకు ఎదురుగా కూర్చుంది. "ఆ పేరు ఇంకొకరికి ఉండకూడదేటి మేస్త్రీ?" అంది నెమ్మదిగా.

"ఉండొచ్చు." ఆయన చాకును రెండుచేతుల మధ్య పట్టుకుని చూస్తున్నాడు. "వేరేవాడైతే మంచిదో, మా అన్నే అయితే మంచిదో నాకు తెలీడం లేదు. భీమిలిలో మా అమ్మ బతికే ఉంది. చూపు పోయింది. అయినా ప్రతి ఈస్టరుకీ ఎవరినో ఒకరిని పట్టుకుని వెళ్ళి, తన చేతులతో ఆ రాయి కడిగి పూలు పెడుతుంది."

ఈస్టరు వచ్చే ఆదివారమే.

పనివేళలో తోట దాటి ఎన్నడూ వెళ్ళని మనిషి, లేచి, నెత్తిన టోపీ కూడా పెట్టుకోకుండా గేటువైపు నడిచాడు. నడక కాస్తా పరుగైంది.

"మేస్త్రీ, ఆగండి!" నరసమ్మ మట్టిచేతులతోనే వెనక పరుగెత్తింది. "ఆ సందు తవరికి తెలీదు!"